స్మెడ్లీ బట్లర్: మాజీ సైనికుల పక్షాన నిలిచిన సేనాని

యుద్ధాన్నే వృత్తిగా స్వీకరించి, అందులో తన దేశం ఇవ్వగల అత్యున్నత పతకాన్ని రెండు పర్యాయాలు అందుకుని, జీవిత చరమ భాగంలో ఆ యుద్ధాన్నే తీవ్రంగా నిరసించిన సేనాధిపతులు చరిత్రలో బహు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల మెరైన్ దళానికి చెందిన మేజర్ జనరల్ స్మెడ్లీ డార్లింగ్టన్ బట్లర్ అట్టివారిలో ఒకరు. ఆయన జయించిన కోటల కథలు సైనిక గ్రంథాలలో విరివిగా దొరుకుతాయి. కాని ఆయనను సామాన్య ప్రజలకు ఆత్మీయునిగా చేసినది ఆ కోటలు కావు. 1932లో ఆకలితో రాజధానికి నడిచివచ్చిన మాజీ సైనికుల గుడిసెల మధ్య ఆయన గడిపిన ఒక రాత్రి, ఆ తరువాత వారి బాకీ కోసం ఆయన చేసిన కృషి ఆయన కీర్తికి మూలాలు.

బట్లర్ 1881 జూలై 30న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని వెస్ట్ చెస్టర్ పట్టణంలో జన్మించారు. వారిది క్వేకర్ కుటుంబం. క్వేకర్లు క్రైస్తవులలో ఒక శాఖవారు; ఆయుధం పట్టడం, ప్రాణం తీయడం వారి మత విశ్వాసానికి విరుద్ధం. తండ్రి థామస్ బట్లర్ న్యాయవాది. 1897 నుండి 1928లో మరణించేవరకు ఆయన అమెరికా ప్రతినిధుల సభలో సభ్యునిగా ఉన్నారు. నౌకాదళ వ్యవహారాల సంఘానికి అధ్యక్షత కూడా వహించారు. కుమారుని ఎదుగుదలకు తండ్రి పలుకుబడి తోడ్పడిందని గిట్టనివారు అంటూనే ఉండేవారు. కొంత తోడ్పడి ఉండవచ్చు. అయితే తుపాకి గుండు ఎవరి తండ్రి ఎవరని అడిగి తగలదు కదా!

1898లో స్పెయిన్‌తో యుద్ధం మొదలైనప్పుడు బట్లర్‌కు పదహారేళ్లు. హావర్‌ఫర్డ్ పాఠశాలలో చదువుతున్న ఆ బాలుడు చదువు మాని, వయస్సు ఎక్కువగా చెప్పి మెరైన్ దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా చేరాడు. కుటుంబ ధర్మం ఒకటి, కుమారుడు ఎంచుకున్న దారి మరొకటి. అందుకే తరువాతి కాలంలో ఆయనకు 'యుద్ధం చేసే క్వేకర్' అనే పేరు స్థిరపడింది. క్యూబాలోని గ్వాంటనామోలో తొలి అనుభవం, ఆపై ఫిలిప్పీన్స్. అక్కడ ఉండగా మెరైన్ దళ చిహ్నాన్ని రొమ్ము నిండా పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు.

1900లో చైనాలో బాక్సర్ల తిరుగుబాటును అణచడానికి వెళ్లిన దళాలలో ఆయన ఉన్నారు. టియెన్‌సిన్ నగరం వద్ద జూలై 13న జరిగిన పోరులో గాయపడిన మరొక అధికారిని మోసుకురావడానికి వెళ్లి తానే తొడలో గుండు దెబ్బ తిన్నారు. పందొమ్మిదేళ్లు నిండకముందే ఆయనకు కెప్టెన్ హోదా లభించింది. 1905లో ఎథెల్ పీటర్స్ అనే యువతిని వివాహమాడారు. వారికి ఒక కుమార్తె, ఇద్దరు కుమారులు.

ఆ పిమ్మట హోండురస్, పనామా, నికరాగువా, మెక్సికో, హైతీ: అమెరికా ఎక్కడ నౌక దింపితే అక్కడ బట్లర్ ఉన్నారు. ఈ దండయాత్రలన్నిటినీ వివరించబూనితే గ్రంథ విస్తరమవుతుంది. 1914లో మెక్సికోలోని వెరాక్రూజ్ రేవును పట్టుకున్నప్పుడు ఆయనకు దేశపు అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించారు. అంతటి పురస్కారానికి తగిన పని తాను చేయలేదని ఆయన పతకాన్ని తిప్పి పంపగా, పైవారు దానిని ఉంచుకోవడమే కాక ధరించాలని కూడా ఆజ్ఞాపించారు. మరుసటి సంవత్సరం నవంబరు 17న హైతీలో ఫోర్ట్ రివియేర్ అనే కొండకోటను, నీరు పోయే సన్నని సొరంగ మార్గం గుండా లోనికి దూరి పట్టుకున్నందుకు రెండవ పతకం లభించింది. వేర్వేరు పోరాటాలకు రెండు సార్లు ఈ పతకం పొందిన మెరైన్లు ఇద్దరే. రెండవవారు డాన్ డేలీ. హైతీ దండయాత్రలో ఆ ఇద్దరూ ఉండటం విశేషం.

అయితే హైతీ ఘట్టాన్ని కేవలం వీరగాథగా చెప్పడం న్యాయం కాదు. అక్కడ కొత్తగా ఏర్పరచిన సాయుధ పోలీసు దళానికి బట్లర్ తొలి అధిపతి. 1917లో అమెరికాకు నచ్చని రాజ్యాంగం రాయబూనిన హైతీ శాసనసభను రద్దు చేయించడంలో ఆయన చేయి ఉంది. దేశమంతటా రోడ్లు వేయించారు, నిజమే. కాని ఆ రోడ్లు వెట్టిచాకిరీతో వేసినవి. పల్లెల రైతులను ఇళ్ల నుండి తోలుకుపోయి కూలి లేకుండా పని చేయించారు. వెట్టి అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. దాని ఫలితంగా తలెత్తిన తిరుగుబాటులో ఎందరో హైతీయులు ప్రాణాలు కోల్పోయారు. పతకాల పక్కన ఈ మచ్చను కూడా చూడవలసి ఉంటుంది. బట్లర్ స్వయంగా దానిని మరచిపోలేదని ఆయన చివరి రచనలు తెలుపుతాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాలకు వెళ్లి పోరాడాలని ఆయన ఎంతో ఆరాటపడ్డారు. ఆ కోరిక తీరలేదు. 1918 అక్టోబరులో, ముప్పై ఏడేళ్ల వయస్సులో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చి, బ్రెస్ట్ రేవు దగ్గరి పొంటనెజాన్ శిబిరాన్ని అప్పగించారు. అమెరికా నుండి ఓడల మీద వచ్చే సైనికులు ముందుగా దిగే చోటు అది. యుద్ధం ముగిశాక ఇంటిముఖం పట్టేవారు ఓడ కోసం వేచి ఉండే చోటు కూడా అదే. యుద్ధవీరునికి ఇది శిక్ష వంటి నియామకం. కాని బట్లర్ జీవితానికి ఇదే మలుపు అని చెప్పవచ్చు.

ఆయన వెళ్లేసరికి శిబిరమంతా మోకాలి లోతు బురద. ఎడతెగని వాన. వరి మడిలో నాట్లకు దమ్ము చేసినట్లున్న ఆ నేల మీదే గుడారాలు. వాటిలో తడిసిన దుప్పట్లు కప్పుకుని పడుకున్న వేలాది సైనికులు. అప్పుడే ప్రపంచమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరం ఆ శిబిరాన్ని పట్టి పీడిస్తున్నది. యుద్ధరంగం ముఖమైనా చూడకుండా అక్కడే కన్నుమూస్తున్నవారు ఎందరో! కందకాలలో నేల మీద పరచడానికి తెచ్చిన చెక్కబల్లలు రేవులోని గిడ్డంగిలో గుట్టలుగా పడి ఉన్నాయని బట్లర్‌కు తెలిసింది. కాగితాలు నడిచి అనుమతులు వచ్చేవరకు ఆగితే మనుషులు మిగలరని ఆయన భావించారు. సైనికులను వెంటబెట్టుకుని రేవుకు నడిచి, తానూ ఒక బల్లను భుజాన వేసుకుని కొండ ఎక్కి శిబిరానికి చేర్చారు. జనరల్ బల్ల మోస్తుండగా ఖాళీ చేతులతో నడిచేవారెవరు? గుడారాలలోకి నేల వచ్చింది, దారులు వచ్చాయి, వేడి సూపు, పొడి దుప్పట్లు వచ్చాయి. సైనికులు ఆయనకు 'ముసలి డక్‌బోర్డ్' అని ముద్దుపేరు పెట్టారు. డక్‌బోర్డ్ అంటే ఆ చెక్కబల్ల. ఆ శిబిరం వారు భుజం మీద కుట్టుకునే గుర్తుగా కూడా ఆ బల్ల బొమ్మనే స్వీకరించారు. ఈ సేవకు సైన్యం, నౌకాదళం రెండూ ఆయనకు విశిష్ట సేవా పతకాలు ప్రదానం చేశాయి. కోటలు పట్టి తెచ్చుకున్న పతకాల కంటె బురదలో బల్లలు పరచి తెచ్చుకున్న ఈ పేరే ఆయనకు చివరి వరకు ఉపయోగపడింది.

యుద్ధానంతరం క్వాంటికోలోని మెరైన్ శిబిరాన్ని తీర్చిదిద్దారు. 1924, 1925 సంవత్సరాలలో, దేశాధ్యక్షుని అనుమతితో దళం నుండి సెలవు పొంది, ఫిలడెల్ఫియా నగరానికి ప్రజా భద్రతాధికారిగా పనిచేశారు. అది మద్యనిషేధ కాలం. దొంగ సారా దుకాణాల మీద దాడులు చేసినంత కాలం నగర పెద్దలు మెచ్చుకున్నారు. ఆ దాడులు ధనికులు విందులు చేసుకునే పెద్ద హోటళ్ల దాకా రావడంతో మెప్పు కాస్తా కోపమైంది. రెండేళ్లు నిండేసరికి ఆయన ఉద్యోగం పోయింది. తిరిగి మెరైన్లలో చేరి 1927 నుండి 1929 వరకు చైనాలో దళాధిపతిగా ఉన్నారు. ఈ పర్యాయం ఆయన యుద్ధం చేయలేదు. వంతెనలు, రోడ్లు బాగు చేయించారు. అక్కడి గ్రామస్థులు తమ ఆచారం ప్రకారం గౌరవసూచకమైన పట్టు గొడుగులను ఆయనకు బహూకరించారు.

1930లో మెరైన్ దళ సర్వాధిపతి పదవి ఖాళీ అయింది. సీనియారిటీ ఉన్నా బట్లర్‌కు దక్కలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోరు మాత్రం పైవారి దగ్గర ఎన్నడూ అదుపులో ఉండలేదు. 1931 జనవరిలో ఒక సభలో మాట్లాడుతూ, ఇటలీ నియంత ముస్సోలినీ తన కారు కింద ఒక పసివాడు పడినా ఆగకుండా సాగిపోయాడని తనకు తెలిసిన కథ చెప్పారు. ఇటలీ ప్రభుత్వం నిరసన తెలపగా, అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ప్రభుత్వం ఆయనను నిర్బంధంలో ఉంచి సైనిక న్యాయస్థానంలో విచారణకు ఆదేశించింది. ప్రజలలో గగ్గోలు పుట్టడంతో విచారణ మాని, మందలింపుతో సరిపుచ్చుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరు 1న, ముప్పై మూడేళ్ల సేవ అనంతరం బట్లర్ స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. మరుసటి ఏడు పెన్సిల్వేనియా నుండి సెనేట్‌కు రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరి ఓడిపోయారు. రాజకీయాలు అబ్బలేదు. ఇక కథలో ముఖ్య ఘట్టం వస్తుంది.

ఆ ఘట్టం అర్థం కావాలంటే బాకీ సంగతి ముందు తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికునికి జీతం నెలకు దాదాపు ముప్పై డాలర్లు, అనగా రోజుకు ఒక డాలరు. అదే కాలంలో స్వదేశంలో ఫ్యాక్టరీలలో, ఓడల నిర్మాణశాలలలో పనిచేసినవారు అంతకంటె చాలా ఎక్కువ సంపాదించారు. యుద్ధానికి వెళ్లినవాడు నష్టపోయి, వెళ్లనివాడు లాభపడ్డాడన్న అసంతృప్తి నుండి 1924లో ఒక చట్టం పుట్టింది. అధ్యక్షుడు కూలిడ్జ్ వీటో చేసినా కాంగ్రెసు దానిని కాదని చట్టం చేసింది. దాని ప్రకారం స్వదేశంలో చేసిన సేవకు రోజుకు ఒక డాలరు, విదేశంలో చేసిన సేవకు రోజుకు ఒకటింబావు డాలరు లెక్క కడతారు. గరిష్ఠ పరిమితి స్వదేశ సేవకు 500, విదేశ సేవకు 625 డాలర్లు. ఉదాహరణకు నాలుగు వందల దినాలు ఫ్రాన్సులో ఉన్నట్లు లెక్కకు వచ్చినవానికి అయిదు వందల డాలర్లు. లెక్క బాగానే ఉంది. కాని యాభై డాలర్లు మించిన మొత్తాన్ని రొక్కంగా ఇవ్వక, వడ్డీ చేర్చి 1945లో చెల్లిస్తామని పత్రాలు రాసి ఇచ్చారు. పత్రం విలువ సగటున వెయ్యి డాలర్ల వరకు ఉండేది. ఈలోగా సైనికుడు మరణిస్తే వారసులకు చెల్లిస్తారు. చస్తే గాని చేతికి రాని సొమ్ము గనుక సైనికులే దానిని వేళాకోళంగా సమాధి బోనసు అని పిలుచుకునేవారు.

1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది. బ్యాంకులు మూతపడ్డాయి. 1933 నాటికి అమెరికాలో పనిచేయగల నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. ఇంటి అద్దె కట్టలేక వీధిన పడిన మాజీ సైనికునికి పెట్టెలో భద్రంగా దాచుకున్న ఆ పత్రం గుర్తుకు రాకుండా ఉంటుందా? 1931లో కాంగ్రెసు, హూవర్ వీటోను తోసిరాజని, పత్రం విలువలో సగం వరకు అప్పుగా తీసుకునే వీలు కల్పించింది. తమ బాకీ మీద తామే వడ్డీ కట్టాలన్నమాట! అది కూడా చాలలేదు. టెక్సాస్ ప్రతినిధి రైట్ పాట్మన్ పూర్తి మొత్తాన్ని వెంటనే చెల్లించాలని బిల్లు పెట్టారు. ఖజానా భరించలేదని, లోటు పెరుగుతుందని హూవర్ ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో అసలు బలమే లేదని అనలేము. కాని అదే కాలంలో బ్యాంకులను, రైల్వే కంపెనీలను ఆదుకోవడానికి ప్రభుత్వం పెద్ద మొత్తాలు అప్పుగా ఇవ్వడం సైనికుల కళ్లెదుట జరిగింది.

1932 మే నెలలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుండి సుమారు మూడు వందల మంది మాజీ సైనికులు రాజధానికి బయలుదేరారు. వారి నాయకుడు వాల్టర్ వాటర్స్, ఉద్యోగం కోల్పోయిన మాజీ సార్జెంటు. గూడ్సు బండ్లలో పశువుల పెట్టెలెక్కి దేశం ఈ కొస నుండి ఆ కొసకు ప్రయాణం చేశారు. వార్త పొక్కగానే అన్ని దిక్కుల నుండి జనం కదిలారు. జూన్ నాటికి భార్యాబిడ్డలతో కలిపి ఇరవై వేల మందికి పైగా వాషింగ్టన్ చేరారు. అనకోస్టియా నది ఒడ్డున చిత్తడి మైదానంలో పెద్ద శిబిరం వెలిసింది. పక్కనే ఉన్న చెత్తకుప్ప నుండి ఏరుకొచ్చిన రేకులు, అట్టపెట్టెలు, పాత కార్ల తుక్కు వారి ఇళ్లు. అయినా ఆ గుడిసెల మధ్య వీధులు తీర్చారు, మరుగుదొడ్లు తవ్వారు, ఉదయం జెండా ఎగురవేసేవారు. డిశ్చార్జి కాగితం చూపినవారికే చోటు. ఇంట్లో ఒక మాజీ సైనికుడున్న ఏ కుటుంబానికైనా ఆ కాగితం విలువ తెలుసు. మద్యం, ఆయుధాలు, బిచ్చమెత్తడం నిషేధం. సైన్యంలోనే తెల్లవారిని, నల్లవారిని వేరుగా ఉంచిన ఆ రోజులలో ఈ శిబిరంలో ఇరువురూ పక్కపక్కన గుడిసెలు వేసుకుని ఒకే పంక్తిలో భోజనం చేశారు. నగర పోలీసు అధిపతి పెల్హామ్ గ్లాస్‌ఫర్డ్ కూడా పూర్వ సైనికాధికారే. ఆయన వారికి తిండి సమకూర్చడంలో తోడ్పడ్డారు, సొంత డబ్బు కూడా ఖర్చు చేశారు.

జూన్ 15న పాట్మన్ బిల్లును ప్రతినిధుల సభ 211 ఓట్లతో, వ్యతిరేకంగా 176 ఓట్లు రాగా, ఆమోదించింది. జూన్ 17న సెనేట్ దానిని 62కు 18 ఓట్ల తేడాతో తిరస్కరించింది. ఆ సాయంకాలం పార్లమెంటు భవనం మెట్ల ముందు వేలాదిగా నిలబడి ఉన్న సైనికులు ఈ వార్త విని అల్లరి చేయలేదు. టోపీలు తీసి దేశభక్తి గీతం పాడి, వరుసలు కట్టి శిబిరానికి తిరిగి వెళ్లారు. ఇటువంటి క్రమశిక్షణ గల గుంపును చూసి ప్రభుత్వం భయపడటం విచిత్రం. జూలై 16న కాంగ్రెసు సమావేశాలు ముగిశాయి. ఇంటికి పోయేందుకు రైలు ఛార్జీ ఇస్తామన్నారు. అది కూడా బోనసులో నుండి మినహాయించుకునే అప్పు! కొన్ని వేల మంది వెళ్లిపోయారు. వెళ్లడానికి ఇల్లంటూ లేనివారు మిగిలారు. వీరిని దొంగలనీ, కమ్యూనిస్టులనీ, అసలు సైనికులే కారనీ ప్రచారం సాగింది.

సరిగ్గా ఆ నిరాశ సమయంలో, జూలై 19న, బట్లర్ తన కుమారుని వెంటబెట్టుకుని అనకోస్టియాకు వచ్చారు. ఆయన అప్పటికి ఏ పదవిలోనూ లేరు. శిబిరమంతా తిరిగి గుడిసె గుడిసెకు వెళ్లి మాట్లాడారు. వేదికనెక్కి ప్రసంగించారు. ఆ ప్రసంగపు చలనచిత్రం నేటికీ చూడవచ్చు. పెద్ద ఉక్కు కంపెనీలకు తమ పనుల కోసం రాజధానిలో తిష్ఠ వేసే హక్కు ఉన్నప్పుడు, దేశం కోసం పోరాడినవారికి ఆ హక్కు ఎందుకుండదని ప్రశ్నించారు. వారిని బిచ్చగాళ్లని అంటున్నవారే 1917లో వారిని వీరులని పొగిడారని గుర్తు చేశారు. చెదరిపోవద్దని, కలిసి ఉండమని, ఎట్టి పరిస్థితిలోనూ చట్టాన్ని మీరవద్దని, ఒక్కసారి దారి తప్పితే దేశ ప్రజల సానుభూతి మొత్తం పోతుందని హెచ్చరించారు. రాత్రి పొద్దుపోయేవరకు వారి కష్టసుఖాలు విన్నారు. తండ్రీకొడుకులు ఆ శిబిరంలోనే పడుకుని, ఆ సైనికులతో కలిసి భోజనం చేశారు. ఫ్రాన్సు నుండి బ్రెస్ట్ రేవు మీదుగా ఇల్లు చేరినవారు ఆ గుంపులో ఎందరో ఉండి ఉంటారు. ఆ జనరల్ తమతో పాటు బురదలో పడుకోవడం వారికి కొత్త కాదు.

తొమ్మిది రోజుల తరువాత, జూలై 28న, పెన్సిల్వేనియా అవెన్యూలోని పాత భవనాలలో తలదాచుకున్న సైనికులను పోలీసులు ఖాళీ చేయించబోయారు. రాళ్లు పడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి. విలియం హుష్కా అక్కడికక్కడే మరణించాడు; ఎరిక్ కార్ల్‌సన్ గాయాలతో తరువాత కన్నుమూశాడు. హుష్కా లిథువేనియా నుండి వలస వచ్చినవాడు. అమెరికా యుద్ధంలోకి దిగగానే తన మాంసం దుకాణం అమ్మివేసి సైన్యంలో చేరినవాడు. ఇద్దరినీ సకల లాంఛనాలతో ఆర్లింగ్టన్ జాతీయ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. బతికి ఉండగా రాజధానిలో చోటు దొరకనివారికి చనిపోయాక చోటు దొరికింది.

సాయంకాలం సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ స్వయంగా ముందు నిలిచి అశ్వదళాన్ని, తుపాకులకు కత్తులు అమర్చిన పదాతిదళాన్ని, ఆరు ట్యాంకులను నడిపించారు. ఆయన వెంట మేజర్ ఐసెన్‌హోవర్, అశ్వదళంలో మేజర్ ప్యాటన్ ఉన్నారు. బాష్పవాయువు ప్రయోగించారు. నది దాటవద్దని హూవర్ పంపిన ఆదేశాన్ని మెకార్థర్ లెక్కచేయలేదు. రాత్రికి అనకోస్టియా గుడిసెలు మంటలలో కాలిపోయాయి. పిల్లలను చంకనెత్తుకుని కుటుంబాలు చీకటిలో పరుగులు తీశాయి. 1918లో ఫ్రాన్సులో గాయపడిన ప్యాటన్‌ను కాపాడిన జో ఏంజెలో అనే సైనికుడు కూడా ఆ శిబిరంలోనే ఉన్నాడు. మరునాడు అతడు తనను చూడటానికి వస్తే, ఎవరో తెలియనట్లు ప్యాటన్ వెళ్లగొట్టించారు. తరిమివేయబడినవారిలో అత్యధికులు నేరస్థులని ప్రభుత్వం సమర్థించుకుంది. కాని ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ స్వయంగా జరిపిన పరిశీలన ప్రకారం వారిలో 94 శాతం మంది సైన్యంలో గాని నౌకాదళంలో గాని పనిచేసినవారు. 67 శాతం మంది విదేశంలో సేవ చేసినవారు. అయిదవ వంతు వికలాంగులు.

పుట్టుక నుండి రిపబ్లికన్ కుటుంబానికి చెందిన బట్లర్ ఆ నవంబరు ఎన్నికలలో బాహాటంగా హూవర్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. హూవర్ ఘోరంగా ఓడిపోయారు. కొత్త అధ్యక్షుడు రూజ్వెల్ట్ కూడా బోనసుకు అనుకూలుడు కాదు. 1933 మార్చిలో వచ్చిన పొదుపు చట్టం మాజీ సైనికుల పింఛన్లకు కోత పెట్టింది. ఆ మే నెలలో మళ్లీ రాజధానికి వచ్చినవారికి ఈసారి ప్రభుత్వం గుడారాలు, భోజనం ఏర్పాటు చేసింది. అధ్యక్షుని సతీమణి ఎలియనోర్ స్వయంగా వెళ్లి పలకరించారు. బోనసుకు బదులుగా పని ఇస్తామన్నారు. ఆ పనులలో చేరి ఫ్లారిడా దీవులలో రోడ్డు నిర్మిస్తున్న మాజీ సైనికులలో 250 మందికి పైగా 1935 సెప్టెంబరు 2 నాటి పెనుతుపానులో మరణించారు. వారిని తరలించడానికి రైలు ఆలస్యంగా బయలుదేరి, అలల తాకిడికి పట్టాల మీదే బోల్తాపడింది. తీరప్రాంతాల వారికి ఆ రాత్రి ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు.

ఈ సంవత్సరాలలో బట్లర్ విదేశీ యుద్ధాల మాజీ సైనికుల సంఘం తరఫున ఊరూరా తిరిగారు. బోనసు చెల్లించాలని, కోసిన పింఛన్లు పునరుద్ధరించాలని ఉపన్యాసాలు ఇచ్చారు. సంఘంగా ఏర్పడనిదే మీ మాట ఎవరూ వినరని సైనికులకు నచ్చజెప్పారు. ఆయనకు ఉన్న ఈ పలుకుబడే ఒక వింత సంఘటనకు దారితీసింది. 1933లో జెరాల్డ్ మెక్‌గ్వైర్ అనే బాండ్ల వ్యాపారి ఆయన వద్దకు వచ్చాడు. బోనసు సొమ్ము విలువైన నాణెంలో చెల్లించాలంటే దేశం మళ్లీ బంగారు ప్రమాణానికి మారాలని మాజీ సైనికుల మహాసభలో ప్రసంగించమని కోరాడు. బోనసే ఇవ్వనివారు దాని నాణ్యతను గురించి దిగులు పడటమేమిటని బట్లర్‌కు అనుమానం కలిగింది. క్రమంగా అసలు సంగతి బయటపడింది: కొందరు ధనికుల అండతో అయిదు లక్షల మంది మాజీ సైనికులను కూడగట్టి, బట్లర్‌ను నాయకునిగా నిలిపి, రూజ్వెల్ట్‌ను నామమాత్రుని చేయాలన్న పథకమట. బట్లర్ 1934 నవంబరులో ప్రతినిధుల సభ సంఘం ముందు ప్రమాణం చేసి ఇదంతా చెప్పారు. పేర్లు వచ్చినవారు కొట్టిపారవేశారు; పత్రికలు చాలావరకు నవ్వాయి. అటువంటి ప్రయత్నం గురించి చర్చలు జరిగిన మాట వాస్తవమని సంఘం తన నివేదికలో అంగీకరించింది. ఎవరి మీదా కేసు లేదు. పథకం ఎంతవరకు ముదిరిందన్నది నేటికీ చరిత్రకారుల మధ్య వివాదమే. బట్లర్ ఆశకు లొంగి ఉంటే ఏమయ్యేదో! ఆకలితో ఉన్న సైనికుని కోపం ఎంత విలువైన సరకో ఆ వ్యాపారికి తెలుసు. ఆ సరకును అమ్మడానికి ఆయన అంగీకరించలేదు.

1935లో ఆయన యుద్ధం ఒక దోపిడీ వ్యాపారమని నిరూపించే చిన్న పుస్తకం వెలువరించారు. యుద్ధంలో లాభాలు కొద్దిమంది వ్యాపారులకు, నష్టాలు సైనికుల తల్లులకు దక్కుతాయని లెక్కలతో చూపారు. సైనికులను నిర్బంధంగా చేర్చుకునే ముందు పెట్టుబడిని, ఫ్యాక్టరీల యజమానులను సైనిక జీతానికి చేర్చుకోవాలని, యుద్ధం కావాలో వద్దో పోరాడవలసినవారే ఓటు వేయాలని, సైన్యం స్వదేశ రక్షణకే పరిమితం కావాలని ప్రతిపాదించారు. అదే ఏడాది ఒక పత్రికలో రాస్తూ, మధ్య అమెరికాలో, హైతీలో, చైనాలో తాను చేసిన సేవ బ్యాంకుల కోసం, వ్యాపార సంస్థల కోసం చేసినదేనని ఒప్పుకున్నారు. ముప్పై మూడేళ్ల జీవితాన్ని ఇలా తూకం వేసుకోవడం ఏ మనిషికీ సులభం కాదు.

బోనసు పోరాటం చివరకు ఫలించింది. రూజ్వెల్ట్ 1935లో ఒకసారి, 1936 జనవరిలో మరొకసారి వీటో చేశారు. రెండవసారి, జనవరి 27న, కాంగ్రెసు వీటోను అధిగమించి చట్టం చేసింది. జూన్ 15 నుండి తపాలా బంట్రోతులు ఇంటింటికీ తిరిగి యాభై డాలర్ల బాండ్లు అందజేశారు. ముప్పై లక్షలకు పైగా మాజీ సైనికులకు దాదాపు రెండు వందల కోట్ల డాలర్లు ముట్టాయి. 1945లో చెల్లిస్తామన్న బాకీ తొమ్మిదేళ్లు ముందుగా తీరింది. ఈ అనుభవాన్ని మరచిపోని కాంగ్రెసు రెండవ ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944 జూన్‌లో, తిరిగివచ్చే సైనికులకు చదువు, ఇంటి అప్పు, నిరుద్యోగ భృతి కల్పిస్తూ చట్టం చేసింది. దానిని చూడటానికి బట్లర్ జీవించి లేరు.

చివరి సంవత్సరాలలో కూడా ఆయన తీరిక లేకుండా రేడియోలోను, సభలలోను మాట్లాడుతూ, యూరపులో రాబోతున్న యుద్ధానికి అమెరికా దూరంగా ఉండాలని వాదించారు. ఆ వాదన ఎంతవరకు సరైనదన్నది వేరే చర్చ. హిట్లర్ సేనలు పారిస్‌లో ప్రవేశించిన వారానికి, 1940 జూన్ 21న, ఆయన ఫిలడెల్ఫియాలోని నౌకాదళ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఎనిమిది. మెరైన్ దళ చరిత్రలో నాటికి అత్యధిక పతకాలు పొందినది ఆయనే. జపాన్‌లోని ఒకినావా దీవిలో అమెరికా మెరైన్ల స్థావరానికి ఆయన పేరు పెట్టారు. విదేశాలలో స్థావరాలు వద్దన్న మనిషి పేరు విదేశ స్థావరానికి! ఆయన భౌతిక కాయాన్ని పుట్టిన ఊరు వెస్ట్ చెస్టర్‌లోని ఓక్‌లాండ్స్ శ్మశానవాటికలో ఖననం చేశారు. చైనా గ్రామస్థులు ఇచ్చిన పట్టు గొడుగులను కుటుంబం వారు ఆయన నివసించిన న్యూటౌన్ స్క్వేర్ ఇంటిలో చాలాకాలం భద్రపరచి ఉంచారు.